రాయవరపువాళ్ళం ఇద్దరం

మా ఇంట్లో రాయవరపువాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఒకరు నేను, రెండోది గేదె. ఎస్. రాయవరం నుంచి నర్సీపట్నానికి ముందు వచ్చింది నేనే. నా పెళ్ళయిన మరుసటి ఏడు మా మావయ్య నా పుట్టింటి ఊరికి వెళ్ళి, మా నాన్నను మధ్యలో పెట్టుకుని బేరమాడి, నొసట తెల్లమచ్చ ఉన్న గేదెను కొని వ్యానులో ఎక్కించుకొచ్చారు. అప్పటిదాకా ఆ ఇంట్లో 'రాయవరపుది' అంటే నేనొక్కదాన్నే. అది వచ్చాక ఆ పేరులో సగం దానికి పోయింది.

మా వైపు కోడళ్ళను పుట్టింటి ఊరితో పిలవడం కొత్తేమీ కాదు. కృష్ణదేవిపేట నుంచి వచ్చిన పక్కింటావిడ ఈ వీధికి కృష్ణదేవిపేటమ్మ. మా అత్తది బలిఘట్టం. నడిచి వెళ్ళొచ్చేంత దూరం. మనవలు పుట్టినా వీధిలో పెద్దవాళ్ళకు ఆమె ఇంకా బలిఘట్టపమ్మే. పక్క ఊళ్ళో కొన్న పశువును కూడా ఇలాగే ఊరితో చెబుతారు. అందులోనూ తప్పులేదు. కోడలికీ గేదెకూ ఒకే ఊరు కలిసి రావడమే నా ఖర్మ.

దాంతో వచ్చిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి మా అత్త ఫోన్లో కూతురితో, "రాయవరపుది నిన్నట్నుంచి ఏటీ ముట్టుకోడం లేదే. మూల్లో నిలబడి ఒకటే సూపు. ఎవులైనా దగ్గిరికెల్తే తల ఇసురుతంది" అని చెప్పింది. గంట తిరక్కుండా మా ఆడపడుచు నాకు ఫోన్ చేసింది. "వదినా, అమ్మేటైనా అన్నాదా? అన్నయ్యేటైనా అన్నాడా? కూడు మానేసి కూకుంటే ఎలాగ?" అని ఒకటే బతిమాలడం. ఆ పూట నేను రెండు పెసరట్లు తిని మూడోది పెనం మీద వేసి ఉన్నాను. ఇంకోసారి ఎదురింట్లో కొత్తగా దిగిన టీచరమ్మ పాలకోసం వస్తే మా అత్త, "ఈయాల పాల్లేవమ్మా, మా రాయవరపుది బక్కెట్టు తన్నీసింది" అంది. ఆవిడకు నా ఊరు తెలుసుగానీ గేదె ఊరు తెలియదు. చాలా రోజులు నాతో మాట్లాడేటప్పుడు కాస్త ఎడంగా నిలబడేది.

నాకో మంచి పేరుంది. మా నాన్న ముచ్చటపడి పెట్టుకున్న పేరు. డిగ్రీ సర్టిఫికెట్ మీద ఎంత బాగుంటుందో! అది ఇక్కడ రాయను, మా ఇంట్లో దాని చుట్టూ పెద్ద కథే ఉంది. చెప్పొచ్చేదేమిటంటే, పెళ్ళయ్యాక ఆ పేరు ఎవరి నోటా వినబడటం మానేసింది. మోటార్లు రివైండింగ్ చేసే కొట్టు నడిపే మా ఆయనకు నేను "ఇదిగో". పిల్లలకు అమ్మను. మా అత్త ఎదురుగా ఉంటే "అమ్మీ" అంటుంది, చాటున రాయవరపుది అంటుంది. మా మావయ్య అయితే ఏమీ అనరు, గుమ్మంలో నిలబడి దగ్గుతారు. ఆ దగ్గును బట్టి కాఫీయా, మంచినీళ్ళా, కళ్ళజోడా అన్నది నేనే తెలుసుకోవాలి.

నా పేరు వినబడే చోటు ఊళ్ళో ఒక్కటే మిగిలింది, లైబ్రరీ. అక్కడి మేడమ్ కార్డు చూసి నా పేరు పూర్తిగా చదివి, చివర గారు తగిలించి, "ఈ వారం ఏం కావాలండీ?" అని అడిగేది. అది వినడం కోసమే వారం వారం వెళ్ళేదాన్నేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఒక వారం నాకు కావలసిన నవలలన్నీ ఎవరో పట్టుకుపోయారు. మేడమ్ అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "జంతువుల గురించండీ. ఉత్త కాకమ్మ కథలు కావు, నిజంగా బతికినవి" అంది. మొహమాటానికి తెచ్చుకున్నాను. మొదటి అధ్యాయం లైకా గురించి. మాస్కో వీధుల్లో తిరిగే ఊరకుక్కను పట్టుకుని, అంతరిక్షంలోకి పంపిన కథ. కూర మాడిపోయే వాసన వచ్చేదాకా లేవలేదు.

ఆ తర్వాత నాకు అదే పిచ్చి పట్టుకుంది. లైబ్రరీలో ఉన్న నాలుగైదూ అయిపోయాక కొరియర్లో తెప్పించుకోవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషువైతే పక్కన ఫోనులో అర్థాలు చూసుకుంటూ నత్తనడకన చదివేదాన్ని. యుద్ధంలో గాయపడి కూడా కబురు చేర్చిన పావురం, చచ్చిపోయిన యజమాని కోసం రోజూ రైల్వే స్టేషనుకు వచ్చి ఎదురుచూసిన జపాను కుక్క హచికో, మగతోడు లేకుండా ఒక్క గొర్రె కణం నుంచే పుట్టించిన డాలీ. రాజులూ యుద్ధాలూ బళ్ళో చదివినప్పుడు ఎక్కలేదుగానీ, ఒక గుర్రం వెంటో ఏనుగు వెంటో వెళ్తే చరిత్ర ఎంత హాయిగా ఎక్కేస్తుందో. రాజు గెలిచాడా లేదా అన్నది నాకు పట్టేది కాదు. గుర్రానికి సాయంత్రం నీళ్ళు పెట్టారా లేదా అన్నదే పట్టేది.

ఇన్ని పుస్తకాల్లో నన్ను పట్టి ఉంచింది ఇంకోటుంది. అది పేర్లు. ఆ యుద్ధంలో లెక్కలేనన్ని పావురాలు ఎగిరి ఉంటాయి, చరిత్రలో మిగిలింది మాత్రం పేరున్న ఒకటి రెండే. పేరు లేనిది ఎంత గొప్ప పని చేసినా 'గుర్రాలు', 'కుక్కలు' అనే గుంపులో కలిసిపోతుంది. ఎవరో ఒకరు పేరు పెట్టాలి, ఆ పేరుతో ఇంకెవరో పిలవాలి, మూడోవాళ్ళు రాయాలి. అప్పుడుగానీ చరిత్ర తలుపు తీయదు. డాలీ ఫోటో ముందు పెట్టుకుని ఒకరోజు గొర్రె మీద అసూయపడ్డాను. నవ్వుకున్నాను కూడా, కానీ అసూయ నిజమే.

ఆ వేసవిలో ఈ పుస్తకాలు మా అత్తకు కూడా అంటుకున్నాయి. కొండల మీది ఏజెన్సీ ఊళ్ళ నుంచి చింతపండు దిగే రోజులు. ఏడాదికి సరిపడా కొని, మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని పిక్కలూ ఈనెలూ తీస్తాం. మా అత్త పీట మీద, నేను కింద చాప మీద. కాసేపు తీసి, చెయ్యి కడుక్కుని, ఓ రెండు పేజీలు చదువుకుని, మళ్ళీ తీసేదాన్ని. అది చూసి చూసి మా అత్తకు ఒళ్ళు మండింది.

"ఆ సదివేదేదో పైకి సదువు. నానూ వింతాను. నీ వాటా పిక్కలు కూడా నానే తీస్తాను" అంది.

ఇంతకన్నా మంచి బేరం ఏ కోడలికి దొరుకుతుంది? లైకాతోనే మొదలుపెట్టాను. ఆ కుక్క ఇక తిరిగి రాదని శాస్త్రవేత్తలకు ముందే తెలుసని చదివేసరికి మా అత్త చేతులు ఆగిపోయాయి.

"ఈది కుక్కని తెచ్చి, పేరెట్టి, ముద్దు సేసి, మల్లా రాదని తెలిసే పంపీసినారా?"

"అవునత్తా."

"పేరెట్టకుండా పంపినారంటే అదో దారి. పేరెట్టీసినాకా పంపడానికి మనసెలా ఒప్పిందమ్మా ఆలకి?"

నేను అన్ని పుస్తకాలు చదివి ఆలోచించింది ఆమె చింతపిక్కలు తీస్తూ అనేసింది. నాకు భలే సంతోషం వేసింది. మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికింది కదా అని.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు పండగే. ఓ రోజు రాజస్థాన్ రాజును మోసిన చేతక్ అనే గుర్రం గురించి చదువుతుంటే మావయ్య లోపల్నుంచి దగ్గకుండా వచ్చేశారు.

"సేతకా? నాకూ ఉండీది కాదేటి! కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు పోయింది."

"అది స్కూటరు మావయ్యా. ఇది గుర్రం."

"ఏదైతే ఏటి, రెండూ మొరాయించీ రకవే" అంటూ కూర్చున్నారు. దెబ్బ తగిలి కూడా ఆ గుర్రం రాజును వాగు దాటించి, అవతల పడి ప్రాణం విడిచిందని చెబుతారు, అని చదివాను. ఆయన మోకాలు నిమురుకుంటూ విన్నారు. చివరికి, "నాను దాన్ని పాత సామాన్లోడికి అమ్మీకుండా ఉండాల్సింది" అని లేచి వెళ్ళిపోయారు. మా అత్త పొట్ట పట్టుకుని నవ్వింది.

హచికో కథకు మాత్రం ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది, చింతపండు చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఇక చూడండి, కుక్క కోసం వచ్చిన నీళ్ళకు పదింతలు చింతపులుపుకి కారాయి. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే, "ఆ కుక్క నా ఉసురు తీసీసిందే అమ్మీ, ఓలమ్మో" అని అరుస్తూనే, "రేపు ఇంకోటి సదువు" అంది.

ఆ మర్నాడు డాలీ. గొర్రెకు ఆ పేరు ఎవరిదని అడిగితే, పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఓ పెద్ద పాటగత్తె పేరట.

"ఆయమ్మ ఊరుకుందేటి, గొర్రెకి తన పేరెడితే?"

"ఊరుకున్నట్టే ఉందత్తా."

మా అత్త కాసేపు పిక్కలు తీసి, పాక వైపు చూసింది. "ఇన్నేల్ల బట్టి పాలు తాగుతన్నాం. మన గేదికి పేరు లేదేటమ్మీ?"

"రాయవరపుది కదా."

"అది ఊరు పేరు. దాని పేరెక్కడవుతాది?"

నాకు ఎక్కడో చుర్రుమంది. ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్నది నోట్లోకి వచ్చేసింది. "మరి ఈ ఇంట్లో నాకూ అదే కదత్తా. గేదె సంగతి తర్వాత, నన్నెవరు పేరెట్టి పిలిచారు?"

మెత్తగానే అందామనుకున్నాను, గట్టిగానే వచ్చింది. మా అత్త తలెత్తలేదు. చింతపండు పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు మూడు మధ్యాహ్నాలు వసారాలోకి రానే లేదు. కోపం వచ్చిందనుకున్నాను. వస్తే రానీ అని కూడా అనుకున్నాను. మా ఆయనతో చెబితే, "పేరెట్టి పిలిస్తే ఇప్పుడేటి, పన్లేవైనా తగ్గుతాయా?" అన్నాడు. ఆ పూట ఆయన ఉప్మాలో ఉప్పు పడలేదు.

తర్వాత ఓ పొద్దున్న పిండి కలుపుతుంటే పెరట్లోంచి ఎవరో నన్ను పిలిచారు. పేరు పెట్టి! మొదటి అక్షరం దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మధ్యలో మింగి, చివరికి మొత్తం పేరూ బయటికి వచ్చింది. మా అత్త గొంతే. పిండి చేతులతోనే పరిగెత్తాను.

"వస్తున్నా అత్తా!"

పాకలో మా అత్త గేదె మెడ నిమురుతూ నిలబడి ఉంది. నన్ను చూసి పాల గిన్నెలో వేలు పెట్టి దొరికిపోయిన పిల్లలా కంగారుపడింది.

"నిన్ను కాదే. దీన్ని."

"దీన్నా? నా పేరు గేదెకి పెట్టేశారా?"

"అవును మరి. ఆ గొర్రెకి పాటల ఆయమ్మ పేరెట్టలేదేటి? నువ్వే సదివినావు కదా."

నా పుస్తకం తెచ్చి నా నెత్తినే వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందు ఊరి పేరులో సగం ఇచ్చాను, ఇప్పుడు సొంత పేరు మొత్తం పోయింది, ఇక నేనెవర్ని ఈ ఇంట్లో, అని గడగడా అనేశాను. గేదె గడ్డి నములుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మా అత్త నన్ను అననిచ్చింది. అంతా అయ్యాక కొంగు సర్దుకుని చిన్నగా అంది.

"అది మా అత్త పేరే అమ్మీ."

నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. మా వైపు కోడలు అత్త పేరు నోట పలకకూడదు. అత్త ఉన్నా పోయినా అంతే. ఆ పేరే ఇంకెవరికైనా ఉంటే వాళ్ళను మరో రకంగా పిలుచుకోవాలి. మా అత్తకు అత్త, అంటే మా మావయ్య తల్లి, నేను కాపురానికి రాకముందే పోయింది. మావయ్య "మాయమ్మ" అంటారు, మా ఆయన "మామ్మ" అంటాడు. గోడ మీద ఫోటోకు దండ ఉంది, పేరు లేదు. ఆవిడా నేనూ ఒకే పేరుగలవాళ్ళమని నాకు ఎవరూ చెప్పలేదు.

"సమ్మందం కుదిరినప్పుడే తెలిసింది" అంది మా అత్త. "పెల్లికూతురి పేరు మార్సీండి అన్నారు అందరూ. మీ మావా అన్నాడు. నానే ఒద్దన్నాను. సదూకున్న గుంట, సర్టిఫికెట్ల మీదున్న పేరు, ఆల నాన్న ముచ్చటపడి ఎట్టుకున్నాడు, ఆ పేరు అలాగుండనీండి అన్నాను."

"మరి ఒక్కసారైనా పిలవలేదేం అత్తా?"

"ఎలా పిలుత్తాను? నోరు రావాల కదేటి? ఆయమ్మ ఎదట ఏనాడూ కూకోలేదు, కొంగు కప్పుకుని గోడవార నిలబడీదాన్ని. ఆయమ్మ ఉన్నన్నాల్లూ ఆ పేరు నా నోటంట రాలేదు. పోయినాకా రాలేదు. మొన్న నువ్వలాగ అన్నాక నిన్ను పిలుద్దారనే అనుకున్నాను. గుమ్మం దాకా వచ్చీది, తిరిగి ఎల్లిపోయీది. అందుకే ముందు దీని మీద అలవాటు సేసుకుంతన్నాను. ఇదైతే తప్పు పలికినా ఏటీ అనుకోదు."

ఇన్నేళ్ళూ నా పేరంటే ఈ ఇంట్లో లెక్కలేదనుకుని కుమిలిపోయాను. అదేమో నోట పలకడానికి కూడా భయపడేంత పెద్ద పేరు అయి కూర్చుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిండి చేతులతోనే మా అత్తను పట్టుకుని నవ్వాను. ఆమె చీర నిండా పిండి అయింది.

అక్కడ్నుంచి రోజూ పొద్దున్న పాలు పితికే వేళ పాఠం నడిచేది. నేను వంటింట్లో చెంచా చప్పుడు కూడా చేయకుండా వినేదాన్ని. మొదట్లో సగం పేరే వచ్చేది, అది కూడా గొణుగుడు. తర్వాత మొత్తం వచ్చింది. ఆ తర్వాత రాగం కూడా చేరింది. ఓ పొద్దున్న గేదె మళ్ళీ బక్కెట్టు తన్నింది. మా అత్త అన్నీ మరిచిపోయి, నా పేరు పెట్టి, "నీ దుంపతెగ, కాలు తియ్యే!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది.

వసారాలో కాఫీ తాగుతున్న మావయ్యకు పొలమారింది. చొక్కా మీద కాఫీ పోసుకుని పాక దగ్గరికి వెళ్ళారు. "ఏటే, మాయమ్మని తిడతన్నావా?"

"మీ అమ్మని నానెందుకు తిడతాను? గేదిని తిడతన్నాను" అంది మా అత్త. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు అనలేకపోయినవన్నీ ఒక్కసారిగా అనేసినంత వెలుగు. మావయ్య ఇంట్లో ఫోటో ఉన్న వైపు ఓ చూపు చూసి, దగ్గారు. ఆ దగ్గుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

చింతపండు ఆఖరి విడత తీస్తున్న మధ్యాహ్నం. నేను చాప మీద బాసింపట్టు వేసుకుని, యుద్ధంలో కబురు మోసిన పావురం గురించి చదువుతున్నాను. దానికి ఫ్రెంచిలో 'ప్రియ నేస్తం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారని చదివి వినిపించాను. మా అత్త ఏదో అంటుందని చూశాను. ఒళ్ళోని పిక్కలు దులుపుకుని పీట మీంచి లేచింది. లోపలికి వెళ్తోందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. చెయ్యి తుడుచుకుంది. కొంగు రెండు భుజాల మీదుగా నిండా కప్పుకుంది. గోడ పక్కకు జరిగి, తల కాస్త వంచి నిలబడింది.

అప్పుడు నన్ను పిలిచింది. మా నాన్న పెట్టిన పేరు, ఒక్క అక్షరం కూడా మింగకుండా.

"ఏమిటత్తా?" అన్నాను. పుస్తకం పక్కన పెట్టి నేనూ లేచాను.

"ఏటీ లేదు. కూకో. సదువు" అంది.

అంది కానీ, నేను మళ్ళీ చాప మీద కూర్చునేదాకా మా అత్త కూర్చోలేదు.